రక్తపోటు – ఇంటిల్లిపాదికీ పరహేజు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము వైద్యులము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు అలిఫ్, బే నేర్పుతూ, కూడికలు, గుణకారాలు చెప్పుకొని బతికే పంతుళ్ళము. మా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. రక్తపోటు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరినప్పుడు, "ఎవరైనా డాక్టరుగారిని పిలవండి సాబ్" అన్నాం. దానికి ఆయన, "డాక్టర్లు ఏటా చెబుతూనే ఉన్నారు మాస్టారూ. మనవాళ్ళు తల ఊపి, బయటికెళ్ళి మిరపకాయ బజ్జీలు తింటూనే ఉన్నారు. మీ ఇంట్లో జరిగింది చెప్పండి, వింటారు" అన్నారు. కనుక మా ఇంట్లో జరిగిందే చెబుతాం. వైద్యం సంగతులు మాత్రం డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకొన్నంత మేరకే చెబుతాం.

కత్తెర జారిన రోజు

మా పెద్దన్నయ్యగారిని మేము భాయిజాన్ అంటాం. ఆయన దర్జీ. పెళ్ళిళ్ళ షేర్వానీలు కత్తిరించడంలో ఆయన చెయ్యి పేరున్న చెయ్యి. నలభై ఎనిమిదో ఏట ఏదో జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన బి.పి. చూసి, ఎక్కువగా ఉన్నదని మాత్రలు రాశారు. భాయిజాన్ నాలుగు నెలలు వేసుకొన్నారు. మళ్ళీ చూపించుకొంటే "బాగుంది, నార్మల్‌గా ఉంది" అన్నారట. నార్మల్ అయినాక ఇంక మందెందుకని ఆయనంతట ఆయనే మానేశారు. మేమూ అక్కడే ఉన్నాం, మేమూ మానవద్దని చెప్పలేదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, రోజంతా మిషను తొక్కుతున్నారు. జబ్బు ఉన్న మనిషిలా ఎవరికీ కనిపించలేదు.

పదకొండు నెలలు గడిచాయి. పెళ్ళిళ్ళ రోజులు. సాయంత్రం నాలుగు గంటలవేళ గుడ్డ కత్తిరిస్తుండగా కుడి చేతిలోంచి కత్తెర జారి కింద పడింది. తీసి ఇచ్చిన కుర్రవాడితో ఏదో అనబోయారు, మాట తడబడింది, మూతి ఒక పక్కకు లాగేసింది. తిమ్మిరి పట్టిందనుకొని చెయ్యి రుద్దారు. చక్కెర నీళ్ళు తాగించారు. ఆసుపత్రికి చేర్చేసరికి రాత్రి పది దాటింది. పక్షవాతం అన్నారు. అల్లా దయవల్ల ప్రాణం దక్కింది. మాట చాలావరకు వచ్చింది. చెయ్యి రాలేదు. ఈనాడు ఆయన దుకాణంలో కూర్చుని, కొడుక్కి ఎక్కడ కత్తిరించాలో నోటితో చెబుతారు.

భాయిజాన్ ఈ సభలోనే ఉన్నారు. "ఛోటే, నా సంగతి చెప్పు. నా పేరు చెప్పినా చెప్పకపోయినా, చెయ్యి సంగతి మాత్రం చెప్పు" అని అనుమతి ఇచ్చాకే ఈ కథ మీ ముందు పెడుతున్నాం.

నొప్పి లేని జబ్బు

నెత్తురు గుండె నుంచి బయలుదేరి నాళాలలో ప్రవహించేటప్పుడు ఆ నాళాల గోడలమీద పడే ఒత్తిడే రక్తపోటు. గుండె ముడుచుకొన్నప్పటి ఒత్తిడి పై అంకె, గుండె సడలినప్పటిది కింది అంకె. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి కొలిచే సాధనాన్ని 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రీవా రోచ్చీ తయారు చేశాడు. ఆ పట్టీ కింద నాడి చప్పుడు విని రెండు అంకెలూ చెప్పే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ కనిపెట్టాడు. అంతకుముందు మనుషులకు రక్తపోటు లేదని కాదు, సులువుగా కొలిచే వీలు లేదన్నమాట.

పై అంకె 120, కింది అంకె 80 లోపల ఉంటే మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా 140, 90 లేదా అంతకు పైన ఉంటే అధిక రక్తపోటు అంటారు. రెండు అంకెలలో ఏ ఒక్కటి ఎక్కువైనా ఎక్కువే. కొళాయి గొట్టంలో నీటి జోరు అదే పనిగా ఎక్కువైతే అతుకులు ఊడినట్టు, ఏళ్ళ తరబడి ఈ ఒత్తిడి పడి మెదడులో, గుండెలో, మూత్రపిండాలలో, కంటి వెనుక ఉన్న సన్నని నాళాలు చెడిపోతాయి. చెడిపోతున్నంత కాలం మనకు ఏమీ తెలియదు. తెలిసేరోజు కత్తెర జారుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారం 30 నుంచి 79 ఏళ్ళ వయసువారిలో సుమారు 130 కోట్లమందికి ఈ జబ్బు ఉన్నది. అందులో దాదాపు సగం మందికి తమకు ఉన్నట్టే తెలియదు. అయిదుగురిలో ఒకరికి మాత్రమే అది అదుపులో ఉన్నది. ఇవి మా బడిలో పరీక్ష మార్కులైతే తరగతి మొత్తం తప్పినట్టే లెక్క.

మన వాడుక కూడా మనల్ని మోసం చేస్తున్నది. ఎవరికైనా కోపం వస్తే "నాకు బి.పి. రప్పించకు" అంటాం. కోపం వచ్చినప్పుడు కాసేపు పెరిగి తగ్గేది వేరు, పొద్దున్నా సాయంత్రం చల్లగా నవ్వుతూ కూర్చున్నా ఎక్కువగానే ఉండేది వేరు. శాంతంగా ఉండే మనిషికి బి.పి. ఉండదనుకోవడం పొరపాటు. భాయిజాన్ గొంతు పెంచి మాట్లాడగా మేమెన్నడూ వినలేదు. అలాగే, కళ్ళు తిరిగితే "లో బి.పి." అని తామే తేల్చేసుకొని, ఉప్పు కలిపిన మజ్జిగ పట్టించేవారు ఉన్నారు. కొలవకుండా ఎక్కువ అనరాదు, తక్కువ అనరాదు.

కొలిచే తీరు

అన్నయ్యగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడే మాకూ చూశారు. 158, 98 వచ్చింది. మాకు అప్పటికి నలభై రెండేళ్ళు. ఆ రోజు మేము హడావిడిలో ఉన్నాం గనుక అలా వచ్చిందనుకొని వారం ఆగి మళ్ళీ చూపించుకొన్నాం. పెద్ద తేడా లేదు.

కొలిపించుకొనే ముందు అయిదు నిమిషాలు మాటలు మాని కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద కట్టాలి. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ ఉండరాదు. మూత్రం వస్తున్నట్టుంటే ముందు వెళ్ళి రావాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ కాగితం మీద రాసుకోవాలి. మెట్లెక్కి వచ్చి ఆయాసంతో చెయ్యి చాపితే వచ్చేది మెట్ల లెక్క గాని మన లెక్క కాదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితంగా చూస్తారు. ముప్ఫై దాటిన ప్రతివారూ, ఏ బాధా లేకపోయినా, ఏడాదికొకసారైనా చూపించుకోవాలి. ముఖ్యంగా ఆడవారు. మన ఇళ్ళలో ఆడవారు అందరికీ మందులు అందిస్తారు, తమ చెయ్యి మాత్రం చాపరు. గర్భవతులకు బి.పి. పెరిగితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. మన పెద్దలు గుర్రపువాతం అన్న జబ్బుకు ఇదే దారి. కాన్పుకు ముందు ప్రతిసారీ బి.పి. చూపించుకోవడం తప్పనిసరి.

ఉప్పు లెక్క

మన జిల్లాలో నౌపడ ఉప్పు మడులు ఎరగనివారు ఉండరు. ఉప్పు మనకు పరాయి వస్తువు కాదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదని తెలుగులో అంటారు. నమక్ హలాల్ అని మనమూ అంటాం. అంత గౌరవం ఉన్న ఉప్పును తగ్గించమంటే ఇంట్లో ఎంత గొడవైందో వినండి.

అన్నయ్యగారు ఇంటికి వచ్చాక డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు. భాభీ ఆయనకు వేరే చిన్న గిన్నెలో చప్పిడి కూర వండడం మొదలుపెట్టారు. దస్తర్‌ఖాన్ మీద అందరి ముందూ ఎర్రగా, ఘుమఘుమలాడే సాలన్, ఆయన ముందు మాత్రం తెల్లటి గిన్నె. పది రోజులు ఓర్చుకొన్నారు. పదకొండో రోజు రాత్రి ఎడమ చేత్తో ఆవకాయ జాడీ మూత తీస్తూ దొరికిపోయారు. భాభీ కోప్పడ్డారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకొని, "ఇంట్లో అందరూ ఒకటి తింటుంటే నేనొక్కణ్ణీ ఖైదీ కూడు తినాలా?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రాత్రి మేము పంతుళ్ళము గనుక లెక్క వేశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు. అంటే ఒక చిన్న చెంచా. అది కూరలోది, చారులోది, పచ్చడిలోది, బజ్జీలోది అన్నీ కలిపి. మా ఉమ్మడి ఇంట్లో ఏడుగురం. ఏడు అయిదులు ముప్ఫై అయిదు గ్రాములు. నెలకు వెయ్యీ యాభై గ్రాములు, అంటే ఇంచుమించు ఒక కిలో పాకెట్టు. కిరాణా చిట్టీ తీసి చూస్తే మేము నెలకు రెండు పాకెట్లు తెస్తున్నాం. ఇది కాక వేసవిలో పట్టిన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండు నెత్తళ్ళు. అవన్నీ వేరే ఖాతా.

తెల్లవారి ఈ లెక్క అమ్మీ ముందు పెట్టాం. అమ్మీ వంటగదికి నవాబు. మా మాటలు ఉర్దూలోనే జరిగాయి, తెలుగులో చెబుతున్నాం.

"నలభై ఏళ్ళుగా నా చేతి సాలన్‌కు ఎవరూ వంక పెట్టలేదు. ఉప్పు తగ్గించి మెహమాన్ల ముందు నా ఇజ్జత్ తీస్తావురా?" అన్నారు.

"అమ్మీ, మెహమాన్లు వచ్చేది నెలకోసారి. మిగతా రోజులు మనమే తింటున్నాం."

"వాడికి జబ్బు. వాడు తగ్గించుకోవాలి. చిన్నపిల్లలేం పాపం చేశారు?"

"పిల్లలకు మనకన్నా తక్కువ ఉప్పు చాలమ్మీ. ఇప్పుడు నాలుకకు ఏది మరిగితే రేపు నలభై ఏళ్ళకు అదే అడుగుతుంది. నన్ను చూడండి, నాకూ వచ్చింది."

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఉప్పు డబ్బాలోని పెద్ద చెంచా తీసి, పిల్లలకు మందు పోసే చిన్న చెంచా వేశారు. ఒక్కసారిగా సగం చేస్తే నోటికి పోదు గనుక వారానికి కొంచెం చొప్పున తగ్గించారు. రుచి పోకుండా చింతపండు పులుసు, నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర, పుదీనా కాస్త ఎక్కువ వేశారు. అన్నం వండేటప్పుడు ఉప్పు వేయడం మానేశారు. దస్తర్‌ఖాన్ మీద ఉప్పు గిన్నె పెట్టడం మానేశారు. రెండు నెలలకు మా నాలుకలే మారాయి. ఒక పెళ్ళి విందులో బిర్యానీ తిని మా చిన్నవాడు "అబ్బా, ఇది ఉప్పుకషాయం" అన్నాడు. అమ్మీ ఆ మాట ఇప్పటికీ అందరికీ చెప్పుకొంటారు. ఇప్పుడు మాకు కిలో పాకెట్టు నెల దాటి వస్తున్నది. అన్నిటికీ మించి, భాయిజాన్ ముందు వేరే గిన్నె లేదు. ఆ తరువాత ఆయన జాడీ జోలికి పోలేదు.

మీరూ ఇంటికి వెళ్ళి ఇంట్లో మనుషులను లెక్కపెట్టండి. మనిషికి నెలకు నూటయాభై గ్రాములు వేసుకోండి. ఉప్పు పాకెట్టు ఎన్ని రోజులు వస్తున్నదో గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఈ పరీక్షకు డాక్టరు అక్కరలేదు.

సైంధవ లవణం వాడితే దోషం లేదని కొందరంటారు. అదీ చాలావరకు అదే ఉప్పు, రంగు వేరు. సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు అని ఒకటి అంగళ్ళలో దొరుకుతున్నది. చైనాలో 600 పల్లెల్లో సుమారు 21 వేలమందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 2021లో వచ్చాయి. ఆ ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్నిరకాల బి.పి. మాత్రలు వాడేవారికి పొటాషియం ప్రమాదం. డాక్టరును అడగకుండా అది కొనరాదు.

పళ్ళెంలో ఏముండాలి

తగ్గించమని మాత్రమే చెబితే ఎవరికీ రుచించదు. పెంచవలసినవీ ఉన్నాయి. అమెరికాలో 1997లో ఒక పరిశోధన ఫలితాలు ప్రకటించారు. పళ్ళు, కూరగాయలు, వెన్న తీసిన పాలు, పెరుగు ఎక్కువగా, కొవ్వు తక్కువగా పెడితే అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సగటున 11 దాకా తగ్గింది. ఇందుకు అమెరికా సరుకు అక్కరలేదు. మన సంతలో తోటకూర, బచ్చలి, మునగాకు, ఆనపకాయ, బీరకాయ, అరటిపళ్ళు, జామపళ్ళు ఉన్నాయి. వెన్న తీసిన మజ్జిగ ఉన్నది, ఉప్పు వేయకుంటే చాలు. మన ప్రాంతపు చోడి అంబలి ఉన్నది. పలాస జీడిపప్పు ఉప్పు వేసి వేయించింది కాక, ఉత్తది గుప్పెడు తినవచ్చు. మాంసం మానమని ఎవరూ అనరు. కొవ్వు తీసి, చిన్న ముక్కలు, కూరగాయలు కలిపి వండితే సరిపోతుంది. కబాబు పక్కన ఉల్లిపాయ చక్రాలు అలంకారానికి పెడతాం, అవి, కీర, టమాటా కడుపుకే పెట్టాలి.

బరువు ఎక్కువున్నవారు ఒక కిలో తగ్గితే పై అంకె సుమారు ఒకటి తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. చిన్నమాటగా తోస్తుంది గాని, ఏడెనిమిది కిలోలు తగ్గితే ఒక మాత్ర చేసే పనికి దగ్గరగా వస్తుంది.

నడక, పొగ, నిద్ర

వారానికి నూటయాభై నిమిషాల నడక చాలు. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. ఫజర్ నమాజుకు లేచినవారు మళ్ళీ పడుకోకుండా అటునుంచి అటే నడిస్తే సరి. శ్రీకాకుళంలో నాగావళి గట్టు ఉన్నది, విజయనగరంలో అయ్యకోనేరు గట్టు ఉన్నది. డబ్బు కట్టే పని లేదు. ఆడవారికి బయట నడక కుదరదంటే డాబామీద నడవవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళవచ్చు. మా భాభీ, మా ఇంటివారు ఇప్పుడు కలిసే నడుస్తున్నారు. మొదట వీధిలో నలుగురూ చూశారు, తరువాత ఆ నలుగురిలో ఇద్దరు వచ్చి చేరారు.

పొగాకు సంగతి. బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, జర్దా పాను అన్నీ నాళాలను బిగిస్తాయి. మన జిల్లా పల్లెల్లో ఆడవారు చుట్ట కాలే కొన నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగడం పాత అలవాటు. దానివల్ల అంగిట్లో కాన్సరు వస్తుందని ఎన్నడో తేలింది. రక్తపోటు ఉన్నవారికి పొగ తోడైతే గుండెపోటు వెదుక్కుంటూ వస్తుంది. మద్యం గురించి ఈ సభలో విడిగా చెప్పనక్కరలేదు, అదీ రక్తపోటును పెంచేదే.

రాత్రి పన్నెండు దాకా సెల్లు చూసే అలవాటు మాకూ ఉండేది. నిద్ర చాలకపోయినా రక్తపోటు పెరుగుతుంది. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడేవారు ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పాలి.

మాత్ర మానరాదు

ఇన్ని చేసినా డాక్టరు మాత్ర రాస్తే వేసుకోవలసిందే. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట" అని భయపడి మొదలే పెట్టనివారు ఉన్నారు. అన్నం జీవితాంతం తింటున్నాం, భయపడడం లేదు. "నార్మల్" వచ్చింది మాత్రవల్ల. మాత్ర మానితే ఆ అంకె మళ్ళీ పైకి పోతుంది. అలవాట్లు మార్చుకొన్నాక అంకెలు బాగా తగ్గితే మోతాదు తగ్గించేది డాక్టరే గాని మనం కాదు. ఈ ఒక్క వాక్యం మా ఇంట్లో ముందే తెలిసి ఉంటే అన్నయ్యగారి చెయ్యి మిగిలేది.

ఆకులు, వేళ్ళతో తగ్గుతుందనేవారు ఉంటారు. యూనానీ వైద్యాన్ని మేము తక్కువ చేయము. సర్పగంధి వేరు మన దేశపు వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో పనిచేసిన సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో ఆ వేరునుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, హకీం సాబ్ పేరిట అజ్మలీన్ అని పేరు పెట్టాడు. ఆ వేరు రక్తపోటును తగ్గించే తీరును బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఇంగ్లండు పత్రికలో రాసి ప్రపంచానికి తెలియజేశాడు. అంటే వేరులో మందు ఉన్నమాట నిజం. కానీ వాళ్ళు చేసింది కొలత. ఎంత ఇస్తే ఎంత తగ్గుతుందో కొలిచారు. పెరట్లో ఆకు నమిలేవారికి ఆ కొలత ఉండదు. వెల్లుల్లి, మునగాకు కూరగా తినండి, మాత్రకు బదులుగా తినకండి.

ఇంకొక మాట శ్రీకాకుళం జిల్లావారికి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో మీరెరుగుదురు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అక్కడ చాలామందికి బి.పి., షుగరు లేకుండానే ఆ జబ్బు వచ్చింది, దానికి ఫలానాదే కారణమని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. అయితే మూత్రపిండం దెబ్బతింటే రక్తపోటు పెరుగుతుంది, పెరిగిన రక్తపోటు మిగిలిన మూత్రపిండాన్ని తినేస్తుంది. ఇది ఎక్కడైనా నిజమే. పొద్దంతా పనిచేసి ఒళ్ళునొప్పులకు మందుల షాపులో నొప్పి మాత్రలు కొని రోజూ మింగేవారు మనలో చాలామంది. ఆ మాత్రలు రక్తపోటునూ పెంచుతాయి, మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. డాక్టరు చెప్పకుండా వాటిని వాడకండి. ఇంట్లో కిడ్నీ జబ్బున్నవారు ఉంటే ఇంతకుముందు చెప్పిన అరటిపళ్ళు, ఆకుకూరలు, కొబ్బరినీళ్ళు సైతం డాక్టరును అడిగే తీసుకోవాలి.

రంజాన్ మాసంలో మాత్రలు మానేసేవారు ఉన్నారు. అది వద్దు. రెండు మూడు వారాలు ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉపవాసాలు ఉండదలచిన సంగతి చెబితే, వీలైనవారికి మాత్రల వేళను సహరీకో, ఇఫ్తార్‌కో మారుస్తారు. మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలున్నవారు మరీ జాగ్రత్తగా అడగాలి. ఉండరాదని డాక్టరు చెప్పినవారికి దీన్‌లో సడలింపు ఉన్నది, ఆలిములను అడగండి. ఇఫ్తార్‌లో సమోసాలు, పకోడీలు తగ్గించి, ఖర్జూరం, పళ్ళు, నీళ్ళు ముందు పెట్టండి.

ఆలస్యం చేయరాదు

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పినా, మాట తడబడినా, చూపు హఠాత్తుగా పోయినా, అది పక్షవాతమనే అనుకోవాలి. రుద్దడాలు, చక్కెర నీళ్ళు వద్దు, నోట్లో ఏమీ పోయవద్దు. మొదలైన టైము గుర్తుపెట్టుకొని 108కి ఫోను చేయాలి. మన రాష్ట్రంలో 2005 నుంచి ఆ వాహనాలు తిరుగుతున్నాయి. నాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి, గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపు పడితేనే పనిచేస్తుంది. మేము ఆరు గంటలు పోగొట్టుకొన్నాం. మీరు పోగొట్టుకోకండి.

సంఘానికి మనవి

ఇక మా బి.పి. సంగతి. ఉప్పు తగ్గించి, నడిచి, రోజుకొక మాత్ర వేసుకొంటున్నాం. పోయిన నెల 132, 84 ఉన్నది. అమ్మీకి కూడా బలవంతాన చూపిస్తే ఎక్కువే ఉన్నది. డెబ్భై ఏళ్ళలో ఆమె చేతికి పట్టీ కట్టడం అదే మొదటిసారి. "నేను మీ అందరికోసం ఉప్పు తగ్గించాననుకొన్నాను, నా కోసమేనన్నమాట" అన్నారు.

పరహేజ్ ఇలాజ్ కంటే మేలని మనవాళ్ళ సామెత. తెలుగులో పథ్యం అంటారు. మనం ఇన్నాళ్ళూ పరహేజును రోగి ఒక్కడి పళ్ళెంలోనే పెట్టాం. అది అక్కడ నిలవదు. వంట చేసే చెంచా దగ్గర, ఇంటిల్లిపాదీ కలిసి చేస్తేనే నిలుస్తుంది.

సంఘానికి మాదొక మనవి. సంఘం గదిలో ఒక బి.పి. మిషను, ఒక రిజిస్టరు పెట్టండి. జుమా రోజున మగవారికి, ఆదివారం ఆడవారికి చూద్దాం. రిజిస్టరు రాసే పని మేము ఒప్పుకొంటాం, ఎర్ర సిరా పెన్ను మాకు అలవాటే. అంకె ఎక్కువున్నవారిని డాక్టరు దగ్గరికి పంపుదాం, మాత్రలు మానేసినవారి ఇంటికి వెళ్ళి తలుపు తడదాం. వచ్చే ఏడాది ఈ సభనాటికి మనలో ముప్ఫై దాటినవారందరి పేర్లూ అందులో ఉండాలి.

ఒక మాట చెప్పి ముగిస్తాం. ఈ సభ భోజనాల వంట ఉప్పు తగ్గించే చేయించామని కార్యదర్శిగారు ఇందాక మా చెవిలో చెప్పారు. చప్పగా ఉంటే వంటవాణ్ణి తిట్టకండి, మమ్మల్ని తిట్టండి. మా భాయిజాన్ పక్కన కూర్చుని తినండి. ఆయన ఎడమ చేత్తో తింటారు, ఏమీ అనుకోకండి.